కొత్త ఉద్యోగం, తెలియని ఊరు: ఇల్లు వెతికే ముందు ఏరియాను చూసుకునే పద్ధతి

ఆఫర్ లెటర్ చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని అద్దె ఇళ్ల యాప్ తెరవడం. ఫొటోల్లో ఇల్లు ముచ్చటగా ఉంటుంది, అద్దె అందుబాటులో ఉంటుంది, అడ్వాన్స్ కట్టేస్తారు. ఆఫీసుకు వెళ్లే దారిలో ఒకే ఒక్క రైల్వే గేటు ఉందనీ, అది సరిగ్గా తొమ్మిదింటికి ముందే పడుతుందనీ తీరా చేరాక తెలుస్తుంది. వెతకాల్సిన వరుస ఇది కాదు. ముందు ఆఫీసు, తర్వాత దారి, ఆ తర్వాత వీధి, చిట్టచివర ఇల్లు. పై మూడూ కుదిరిన చోట ఇల్లు కాస్త అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు. ఇల్లు బ్రహ్మాండంగా ఉండి దారి కుదరకపోతే రోజుకు రెండుసార్లు చెల్లించాలి.

మొదట హెచ్ఆర్‌ను అడగాల్సినవి

కంపెనీ ఫలానా ఊళ్లో ఉందంటే సరిపోదు. ఒకే కంపెనీకి ఒకే ఊళ్లో రెండు మూడు భవనాలుండొచ్చు. మీరు క్లయింట్ ఆఫీసులో కూర్చోవాల్సి రావొచ్చు. కాబట్టి రాతపూర్వకంగా అడగండి: ఏ భవనం, ఏ గేటు నుంచి ఉద్యోగుల్ని లోపలికి పంపుతారు, వారానికి ఎన్ని రోజులు రావాలి, షిఫ్టు ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగుస్తుంది, కంపెనీ వాహనం ఉంటే ఏయే రూట్లలో తిరుగుతుంది, రాబోయే ఏడాదిలో ఆఫీసు మారే ఆలోచన ఏమైనా ఉందా. గేటు సంగతి చిన్న విషయంలా కనిపిస్తుంది. పెద్ద క్యాంపస్‌లలో మెయిన్ గేటుకూ ఉద్యోగుల గేటుకూ మధ్య కిలోమీటరు పైగా ఉంటుంది. మ్యాప్‌లో కంపెనీ పేరు కొడితే పిన్ను ఎక్కడో భవనం నడిబొడ్డున పడుతుంది. ఆ పిన్ను కాకుండా గేటు దగ్గర మీరే పిన్ను పెట్టుకుని సేవ్ చేసుకోండి. ఇక మీదట లెక్కలన్నీ దాని నుంచే.

దూరం కాదు, టైము గీయండి

మ్యాప్ మీద ఆఫీసు చుట్టూ పది కిలోమీటర్ల వలయం గీసి అందులో ఇల్లు వెతకడం తప్పుడు లెక్క. ఒకవైపు పది కిలోమీటర్లకు ఇరవై నిమిషాలు పడితే ఇంకోవైపు గంట పట్టొచ్చు. వలయం గీయాల్సింది నిమిషాల్లో. పని ఇలా చేయండి: ఆఫీసు చుట్టూ అన్ని దిక్కుల్లో ఎనిమిది నుంచి పది చోట్లు ఎంచుకోండి. గూగుల్ మ్యాప్స్‌లో ఒక్కో చోటు నుంచి గేటుకు దారి అడిగి, చేరాల్సిన సమయం దగ్గర మీ షిఫ్టు టైము, రోజు దగ్గర మంగళవారమో బుధవారమో పెట్టండి. సోమ, శుక్రవారాల ట్రాఫిక్ మిగతా రోజుల్లా ఉండదు, ఆదివారం చూసిన లెక్క అసలు పనికిరాదు. తర్వాత సాయంత్రానికి తిరుగు దారి విడిగా అడగండి. పొద్దున్న దారిని తిరగేస్తే సాయంత్రం దారి కాదు. వన్ వేలు, యూ టర్నులు, ఎటు జనం పోతున్నారన్నది అన్నీ మారిపోతాయి.

యాప్ చాలాసార్లు ఒక అంకె కాకుండా '35 నుంచి 70 నిమిషాలు' అన్నట్టు చూపిస్తుంది. పెద్ద అంకెనే రాసుకోండి. రెండు అంకెల మధ్య తేడాను కూడా రాసుకోండి, ఎందుకంటే మనిషిని విసిగించేది అదే. రోజూ కచ్చితంగా 50 నిమిషాలు పట్టే దారి నయం. ఒకరోజు 30, మర్నాడు 70 పట్టే దారిలో ఉన్నవాళ్లు రోజూ 70 లెక్కనే బయలుదేరాలి.

యాప్ లెక్కలోకి రానివి ఇంకా ఉన్నాయి: ఇంటి తలుపు నుంచి బస్టాప్ వరకు నడక, పార్కింగ్‌లో చోటు వెతుక్కోవడం, సెక్యూరిటీ దగ్గర లైను, లిఫ్టు. వీటన్నిటికీ కలిపి పది, పదిహేను నిమిషాలు కలుపుకోండి. నడకకు నిమిషానికి 80 మీటర్లు వేసుకుంటే చాలామందికి సరిపోతుంది. ప్రకటనల్లో 'స్టేషన్‌కు 500 మీటర్లు' అని రాసేది తరచూ గాల్లో గీత గీసి కొలిచింది. మధ్యలో రైలు పట్టాలో, కాలువో, పొడవాటి ప్రహరీయో ఉంటే నడిచే దూరం ఒకటిన్నర కిలోమీటర్లు తేలుతుంది. కాలిబాటలు, అండర్‌పాస్‌లు చూసుకోవడానికి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (వాడేవాళ్లే కలిసి గీసే ఉచిత మ్యాప్) కూడా ఒకసారి తెరవండి. కొన్ని ఊళ్లలో అందులో సందులు ఎక్కువ వివరంగా ఉంటాయి.

ఎంత టైము వరకు ఫర్వాలేదు? ఇటలీ భౌతిక శాస్త్రవేత్త చేజారే మార్కెట్టి 1994లో రాసిన వ్యాసంలో, మనుషులు ఏ కాలంలోనైనా, ఏ ఊళ్లోనైనా రోజుకు సుమారు గంట ప్రయాణానికి కేటాయిస్తారని వాదించాడు. అంటే పోనూ అరగంట, రానూ అరగంట. పెద్ద నగరాల్లో ఇది అందరికీ దక్కదు. అయినా గీత అక్కడ గీసుకుని, దాటితే ఎంత దాటుతున్నారో తెలిసి దాటండి. ఒకవైపు అదనంగా 20 నిమిషాలంటే రోజుకు 40. వారానికి అయిదు రోజులు, ఏడాదికి 48 వారాలు వేసుకుంటే 160 గంటలు. అద్దెలో మిగిలే డబ్బును ఈ గంటలతో భాగించి చూస్తే దూరపు ఇల్లు నిజంగా చవకో కాదో తేలిపోతుంది.

పైనుంచి చూడటం

వలయంలో పడ్డ ఏరియాల్లోంచి ఆరేడింటిని శాటిలైట్ వ్యూలో చూసి మూడుకు తగ్గించుకోండి. మూడు మించితే ఊరికి వెళ్లినప్పుడు ఏదీ సరిగా చూడలేరు.

చూడాల్సినవి: రైలు పట్టాలు, చెత్త డంపింగ్ యార్డు, క్వారీ, ఫ్యాక్టరీ కప్పులు, మురుగు కాలువ ఏ వీధి వెంట పోతోంది, పక్కన ఖాళీ ప్లాట్లు ఎన్ని ఉన్నాయి. ఖాళీ ప్లాటు కిటికీ లోంచి చూడ్డానికి హాయిగా ఉంటుంది గానీ, అక్కడ కట్టడం మొదలైతే ఏడాది రెండేళ్ల పాటు దుమ్ము, డ్రిల్లింగు మీవే. గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు చూసే సదుపాయం ఉంది. స్లైడర్ వెనక్కి జరిపితే ఇప్పుడు కాలనీ ఉన్న చోట పదిహేనేళ్ల కింద చెరువు మెరుస్తూ కనబడొచ్చు. నీళ్లకు పాత దారి గుర్తుంటుంది. గట్టి వాన పడితే అక్కడికే వస్తాయి. ఎత్తుల అంకెల్ని మాత్రం అతిగా నమ్మొద్దు. వాటిలో కొన్ని మీటర్ల పొరపాటు మామూలే. ఇల్లు మునగడానికి అర మీటరు చాలు. స్ట్రీట్ వ్యూ చూసేటప్పుడు అది తీసిన నెల, సంవత్సరం తెర మీద రాసి ఉంటుంది. ఆ తేదీ చూడకుండా 'రోడ్డు ఖాళీగా ఉంది' అనుకోకండి.

దగ్గర్లో విమానాశ్రయం ఉంటే రన్‌వేను స్కేలు పెట్టినట్టు రెండు వైపులా పొడిగించండి. దిగే విమానాలు మామూలుగా 3 డిగ్రీల వాలులో వస్తాయి. రన్‌వే మొదలుకు 10 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంటి మీద విమానం ఎత్తు సుమారు 520 మీటర్లు. 5 కిలోమీటర్ల దగ్గర అందులో సగం. ఆ గీత మీద ఉన్న ఇంటికీ, గీతకు మూడు కిలోమీటర్లు పక్కకున్న ఇంటికీ మోతలో చాలా తేడా ఉంటుంది. విమానాలు గాలికి ఎదురుగా దిగుతాయి, ఎదురుగానే లేస్తాయి కాబట్టి గాలి మళ్లే కాలంలో రన్‌వే రెండో కొస వాళ్లకు దిగే విమానాల మోత మొదలవుతుంది. మీరు వెళ్లిన రెండు రోజుల్లో ఒక్క విమానం కూడా వినబడలేదంటే అర్థం ఏడాదంతా వినబడదని కాదు.

గాలి నాణ్యత చూసేటప్పుడు ఈరోజు అంకె వదిలేసి, దగ్గరి కొలత కేంద్రంలో ఏడాది పొడవునా ఎలా ఉందో చూడండి. పీఎం 2.5కు (ఊపిరితిత్తుల్లోకి పోయే అతి సన్నని ధూళి కణాలకు) ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు, ఘనపు మీటరుకు ఏడాది సగటున 5 మైక్రోగ్రాములు, 24 గంటల సగటున 15. చాలా నగరాలు దీన్ని అందుకోవు గనుక మూడు ఏరియాల్ని ఒకదానితో ఒకటి పోల్చడానికి వాడుకోండి. కొలత కేంద్రం మీ వీధికి ఎంత దూరమో కూడా చూడండి.

ఏరియా పేరుతో పాటు 'నీళ్లు', 'మునక', 'రోడ్డు వెడల్పు', 'ఫ్లైఓవర్' లాంటి మాటలు కలిపి వార్తల్లో వెతకడానికి ఒక గంట చాలు.

ఊరికి వెళ్లినప్పుడు

వీలైతే రెండు పని రోజులు, ఒక వారాంతపు రాత్రి కలిసొచ్చేలా వెళ్లండి. బస ఊరి నడిమధ్య హోటల్లో వద్దు, మూడు ఏరియాల్లో మొదటిదిగా అనుకుంటున్న దాంట్లోనే దిగండి. వెళ్లింది ఊరు చూడ్డానికి కాదు, అక్కడ మీ రోజు ఎలా గడుస్తుందో నడిపి చూడ్డానికి.

మొదటి రోజు పొద్దున్న ఉద్యోగానికి వెళ్తున్నట్టే తయారై, అదే టైముకు, రేపు వాడబోయే వాహనంలోనే బయలుదేరండి. బస్సులో వెళ్లబోయేవాళ్లు టాక్సీలో వెళ్లి చూస్తే తెలిసేది ఏమీ లేదు. నాలుగు టైములు రాసుకోండి: తలుపు దాటింది, బండి ఎక్కింది, దిగింది, గేటు దగ్గరకు చేరింది. ఎక్కకుండా వదిలేయాల్సి వచ్చిన నిండు బస్సులెన్నో కూడా రాయండి. సాయంత్రం షిఫ్టు ముగిసే వేళకు మళ్లీ గేటు దగ్గర ఉండి తిరుగు ప్రయాణం చేయండి. మీతో పాటే బయటికొచ్చే ఉద్యోగులు ఎటు పోతున్నారో, దేనికోసం నిలబడ్డారో గమనించండి. రాత్రి చివరి బస్సో రైలో ఎన్నింటికో తెలుసుకోండి. అది తప్పితే ఇల్లు చేరే దారేమిటో కూడా. రెండో రోజు ఇదే పని రెండో ఏరియా నుంచి. మూడోదానికి టైము చాలకపోతే కనీసం సాయంత్రం దారి ఒక్కటైనా చూడండి. ఎక్కువ ఊళ్లలో బాధ పెట్టేది అదే.

మిగతా టైములో ఏరియాలో కాలినడకన తిరగండి. ఇంటి నుంచి పది నిమిషాల నడక, అంటే 800 మీటర్ల లోపు మీ ప్రపంచం. ఒకసారి కాదు, నాలుగు వేళల్లో: తెల్లవారి ఆరు, ఎనిమిదిన్నర, రాత్రి ఏడు, రాత్రి పదకొండు. ఆరింటికి నీళ్లు వస్తున్నాయో ట్యాంకర్లు వస్తున్నాయో తెలుస్తుంది. ఎనిమిదిన్నరకు బడి బస్సులు సందును ఎలా ముంచేస్తాయో కనబడుతుంది. ఏడింటికి షాపులు, పార్కింగు. పదకొండుకు వీధి దీపాలు ఎన్ని వెలుగుతున్నాయి, కుక్కలు ఎన్ని ఉన్నాయి, బస్టాప్ నుంచి ఇంటికి నడిచే దారిలో మనుషులు తిరుగుతున్నారా అన్నది. ఒంటరిగా రాత్రిళ్లు తిరిగి రావాల్సిన వాళ్లకు ఈ నాలుగో నడకే అన్నిటికన్నా ముఖ్యం. ఆ వేళలో పక్కన ఒకరిని తోడు తీసుకుని వెళ్లండి.

గోడలు చెప్పే సంగతులు

వాన నీళ్ల చరిత్ర వీధి గోడల మీదే ఉంటుంది. వరసగా నాలుగైదు ప్రహరీల మీద ఒకే ఎత్తులో గోధుమ రంగు గీత కనిపిస్తే అది నీళ్లు నిలిచిన మట్టం. వంగి చూస్తే ఆ గీత కింద సున్నం పొరలు పొరలుగా లేచి ఉంటుంది, పైన నునుపుగా ఉంటుంది. ఒకే ఇంటికి ఉంటే పైపు లీకు కావొచ్చు, వీధి మొత్తానికి ఉంటే మునకే. కొత్తగా సున్నం వేసిన వీధిలో గీత దొరకదు. అప్పుడు గేట్ల అడుగు చూడండి. లోపలికి నీళ్లు రాకుండా జానెడు ఎత్తు సిమెంటు కట్ట కట్టుకున్నారా? కరెంటు మీటర్లు నడుము ఎత్తుకు బదులు తలపైకి పోయాయా? రోడ్డు ఇంటి గడప కన్నా ఎత్తుగా ఉందా? పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే పొరలు వేస్తూ పోయిన చోట, ఒకప్పుడు వీధి కన్నా ఎత్తున్న ఇళ్లు ఇప్పుడు పల్లంలో పడతాయి. కింది అంతస్తు అద్దె అనుమానం వచ్చేంత తక్కువైతే కారణం చాలాసార్లు ఇదే.

ఒకే సందులో టులెట్ బోర్డులు గుంపుగా ఉన్నా కారణం అడగాల్సిందే.

ఎవర్ని అడగాలి? బ్రోకరుకూ ఇంటి ఓనరుకూ మీరు చేరడంలో లాభముంది. మందుల షాపు వాళ్లకు, ఇస్త్రీ చేసేవాళ్లకు, డెలివరీ కుర్రాళ్లకు అలాంటిదేమీ లేదు, ఏరియా మాత్రం బాగా తెలుసు. 'ఏరియా ఎలా ఉంటుందండీ' అంటే 'బాగుంటుందండీ' అనే జవాబే వస్తుంది. 'పోయిన వానాకాలం ఇక్కడ నీళ్లు ఎంతవరకు వచ్చాయండీ' అని అడిగితే చేత్తో మోకాలి దగ్గర చూపిస్తారు. 'నీళ్లొచ్చాయా' అనకూడదు, 'ఎంతవరకు' అనాలి. అలాగే 'కరెంటు పోతే ఎంతసేపటికి వస్తుంది', 'ఎండాకాలం వారానికి ఎన్ని ట్యాంకర్లు తెప్పించుకున్నారు' అని అడగండి. ఒకే ప్రశ్న ముగ్గురిని అడిగి, ఇద్దరి మాట కలిస్తే నమ్మండి.

మోత, నీళ్లు, సిగ్నల్

ఫోన్లో డెసిబెల్ యాప్ వేసుకోండి. ఫోన్ మైకు అసలు మీటరుతో పోలిస్తే కొన్ని డెసిబెల్స్ తేడా చూపిస్తుంది, అందుకే అంకె కన్నా పోలిక ముఖ్యం. ఒకే ఫోన్, కిటికీ తెరిచి అయిదు నిమిషాలు, తర్వాత మూసి అయిదు నిమిషాలు. 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి మోత సుమారు రెట్టింపు అయినట్టు తోస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2018లో ఇచ్చిన సిఫారసు ప్రకారం రోడ్డు ట్రాఫిక్ మోత రాత్రి సగటున ఇంటి బయట 45 డెసిబెల్స్ లోపు ఉండాలి. రద్దీ రోడ్డు పక్కన అది దొరకడం కల్ల. కాబట్టి రోడ్డుకు రెండో వరస ఇళ్లు చూడండి, మధ్యలో ఒక భవనం అడ్డుంటేనే చాలా తగ్గుతుంది. పగలు వినబడని రైలు రాత్రి వినబడటం భ్రమ కాదు. రాత్రి నేల చల్లబడి పైగాలి వెచ్చగా ఉంటే శబ్దం కిందికి వంగి దూరం వరకు పాకుతుంది. పగలు చూసి 'పట్టాలు దూరమే' అనుకున్నవాళ్లు మోసపోయేది ఇక్కడే.

ఇళ్లు చూడ్డానికి లోపలికి వెళ్లినప్పుడు నీళ్ల కోసం 10 లీటర్ల బకెట్, స్టాప్‌వాచ్ చాలు. కొళాయి పూర్తిగా తిప్పితే నిమిషంలోపు నిండితే బాగున్నట్టు, రెండు నిమిషాలు దాటితే షవరు పేరుకే. పై అంతస్తులో, పొద్దున్న అందరూ వాడే వేళ చూడాలి. మేడ మీది ట్యాంకుకూ అక్కడి కొళాయికీ మధ్య ఎత్తు తక్కువ కాబట్టి ఒత్తిడి తక్కువగా ఉండేది పై అంతస్తుకే. నీళ్లలో కరిగిన ఉప్పుల్ని కొలిచే, పెన్ను లాంటి టీడీఎస్ మీటరు చిన్నదే, జేబులో వేసుకోండి. లీటరుకు 600 మిల్లీగ్రాముల లోపు ఉంటే రుచి బాగుంటుందనీ, 1000 దాటితే తాగడం కష్టమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మీటరు ఉప్పుల సంగతే చెబుతుంది, క్రిముల సంగతి చెప్పదు. మీటరు లేకపోతే షవరు రంధ్రాలు చూడండి: సగం తెల్లటి గట్టి పొరతో పూడుకుపోయి ఉంటే అది కఠిన జలం. గీజరు, వాషింగ్ మెషీను, జుట్టు మూడూ దాని బారిన పడేవే.

సిగ్నల్ బాల్కనీలో కాదు, పడకగదిలో తలుపు మూసి చూడాలి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల సెట్టింగుల్లో సిగ్నల్ బలం డీబీఎంలలో ఉంటుంది, మైనస్ అంకె సున్నాకు దగ్గరైన కొద్దీ సిగ్నల్ బలం ఎక్కువ. మైనస్ 85 దగ్గరుంటే నిశ్చింత, మైనస్ 110 దాటితే కాల్స్ తెగుతాయి. లోహపు పూత వేసిన అద్దాలు, మందపు కాంక్రీటు గోడలు సిగ్నల్‌ను మింగేస్తాయి, వీధిలో నిండుగా ఉన్న గీతలు లోపల ఒకటికి పడిపోతాయి. ఇంటి నుంచి పని ఉన్న రోజులుంటే డౌన్‌లోడ్ వేగం కన్నా అప్‌లోడ్ వేగం అడగండి. మంచి నాణ్యత వీడియో మీటింగ్‌కు మనిషికి 3 నుంచి 4 ఎంబీపీఎస్ కావాలి. 'ఏరియాలో ఫైబర్ ఉంది' అన్నది జవాబు కాదు. ఈ భవనంలోకి ఎవరి కేబుల్ వచ్చింది, పక్క ఫ్లాట్ వాళ్లు ఏది వాడుతున్నారు అన్నది జవాబు.

కుటుంబంతో వెళ్లేవాళ్లకు బడి లెక్క విడిగా ఉంది. బడి బాగుందా అన్నదానికన్నా ముందు మీరు చేరే నెలలో ఆ తరగతిలో సీటు ఉందా అన్నది ఫోన్ చేసి కనుక్కోండి. పెద్దవాళ్లుంటే 24 గంటలూ ఎమర్జెన్సీ ఉండే ఆస్పత్రికి రాత్రి ఎంతసేపు పడుతుందో చూడండి. బోర్డు మీద రాసి ఉన్నా లోపలికెళ్లి అడగండి.

వెళ్లడం కుదరకపోతే

కాబోయే సహోద్యోగినో, ఆ ఊళ్లో ఉన్న తెలిసినవాళ్లనో ఒక గంట అడుక్కోండి. వీడియో కాల్ పని రోజు పొద్దున్న ఎనిమిదిన్నరకు పెట్టాలి. ఇంట్లోంచి కాదు, బస్టాప్ నుంచి మొదలుపెట్టి ఎక్కడా ఆపకుండా ఇంటి తలుపు వరకు నడవమనండి. లోపలికెళ్లాక కిటికీలన్నీ తెరిచి అరనిమిషం మాట్లాడకుండా ఉండమనండి, మోత అప్పుడే వినబడుతుంది. కొళాయిలు తిప్పమనండి, సింకు కింద తలుపు తీసి చూపించమనండి. బ్రోకరే వీడియో తీస్తానంటే రికార్డు చేసింది ఒద్దని, లైవ్ కావాలని చెప్పండి.

ఓనరు విదేశంలో ఉన్నాడు, తాళంచెవి కొరియర్లో వస్తుంది, ముందు అడ్వాన్స్ పంపండి, అద్దె మాత్రం చుట్టుపక్కల కన్నా చాలా తక్కువ: ఈ నాలుగూ కలిసి కనిపిస్తే అది మోసమే. ఇంట్లోకి అడుగుపెట్టకుండా, ఓనరు ఎవరో కాగితాల్లో చూడకుండా డబ్బు పంపొద్దు.

ఎంత చూసినా తేల్చుకోలేకపోతే మొదటి రెండు మూడు నెలలకు ఆఫీసు దగ్గర్లో ఏదైనా తాత్కాలిక బస తీసుకోండి, ఖర్చు కాస్త ఎక్కువైనా. సామాను తక్కువ తీసుకెళ్లండి. ఏరియా చూసి నచ్చాక కూడా ఒప్పందంలో లాకిన్ (ఇల్లు ఖాళీ చేయకూడని గడువు) ఎన్ని నెలలు, నోటీసు ఎంత, మధ్యలో వెళ్తే అడ్వాన్స్‌లో ఎంత కోస్తారు అన్నవి చదివి సంతకం పెట్టండి. ప్రొబేషన్ ఆరు నెలలుంటే పదకొండు నెలల లాకిన్‌కు ఒప్పుకోవద్దు. సంతకం పెట్టే ముందు రోజు హెచ్ఆర్‌కు ఒక్క మెయిల్ పెట్టి, భవనం, గేటు, షిఫ్టు మారలేదని మళ్లీ ఖాయం చేసుకోండి.